మార్కులను నిలువుగా కూడా చదువుదాం



మా అమ్మాయి ఈ స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నేను ఆఫీసులో రోజూ చేసే ఒక పని, ఈ ఏడాది మా ఇంట్లో ప్రోగ్రెస్ కార్డు చదివే పద్ధతిని మార్చింది. అదేమిటో మీతో పంచుకోవాలనిపించింది.

మనం ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా, ఏ బటన్ నొక్కినా, చాలాసార్లు అవతల సర్వర్ ఒక వరుస రాసుకుంటుంది. ఎన్ని గంటలకు, ఏ పేజీ, ఎంతసేపు పట్టింది, పని అయిందా లేదా అని. దీన్నే లాగ్ అంటారు. కిరాణా కొట్టులో చిట్టా రాసుకున్నట్టే. కాకపోతే పెద్ద యాప్‌లలో ఈ వరుసలు రోజుకు కోట్లలో ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చి, అడిగిన ప్రశ్నకు త్వరగా జవాబు దొరికేలా ఉంచడం మా టీమ్ పని.

మామూలు డేటాబేస్ అడ్డు వరుసల్లో దాచుకుంటుంది. ఒక కస్టమర్ వివరాలన్నీ ఒకేసారి కావాలంటే అదే మేలు. కానీ 'నిన్న సాయంత్రం ఏ పేజీ ఎక్కువ ఆలస్యమైంది?' అని అడిగితే, రెండు మూడు గళ్ల కోసం ప్రతి వరుసనూ మొత్తం చదవాల్సి వస్తుంది. కాలమ్నార్ డేటాబేస్ నిలువు వరుసలను విడివిడిగా దాస్తుంది. సమయాలన్నీ ఒకచోట, పేజీల పేర్లన్నీ ఒకచోట. అడిగిన నిలువు వరుసలను మాత్రమే తీసి చదువుతుంది. ఒకే రకం విలువలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బాగా కుదించవచ్చు, స్థలమూ కలిసొస్తుంది.

మేము వాడేది క్లిక్‌హౌస్. రష్యాకు చెందిన యాండెక్స్ సంస్థ వెబ్‌సైట్ల రాకపోకలు లెక్కించడానికి తయారు చేసుకుని, 2016లో ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇచ్చింది. దీనికి లాగ్‌లను ఒక్కొక్కటిగా పంపకూడదు. కనీసం 1,000, వీలైతే 10,000 నుంచి 1,00,000 వరుసలు మూటగట్టి పంపాలి. స్కూల్ బస్సు ఒక్కో పిల్లకు ఒక్కో ట్రిప్పు వేయదు కదా!

ఇక ఇంటి సంగతి. ప్రోగ్రెస్ కార్డు ఒక అడ్డు వరుస: సబ్జెక్టులు, టోటల్, ర్యాంకు. దసరా ముందు మా అమ్మాయి టోటల్ తగ్గింది, లెక్కల్లో మరీ తగ్గింది. ఖో-ఖో మాన్పించి సాయంత్రాలు లెక్కల ట్యూషన్ పెట్టిద్దామని ఇంట్లో చర్చ మొదలైంది. తను ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు ఆదివారం. అన్ని సబ్జెక్టుల జవాబు పత్రాలూ ముందేసుకుని, నేనూ తనూ మూడు నిలువు వరుసలు గీశాం: ప్రశ్న నంబరు, పోయిన మార్కులు, తప్పు రాసిందా లేక వదిలేసిందా. పేజీన్నర నిండింది. మూడో నిలువు వరుస పైనుంచి కిందికి చదివితే విషయం తెలిసిపోయింది. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం చివరి రెండు ప్రశ్నలవే, అవీ వదిలేసినవే. లెక్కల్లోనే కాదు, సైన్సులోనూ సోషల్‌లోనూ అంతే.

లాగ్ ఎక్కడ ఆగిందో చెబుతుంది, ఎందుకు ఆగిందో చాలాసార్లు చెప్పదు. దానికి మనిషిని అడగాలి. అడిగితే చెప్పింది: "కొట్టివేతలు ఉంటే పేపర్ బాగోదని మళ్లీ మొదట్నుంచి రాస్తున్నా నాన్నా." తనకు కావలసింది ట్యూషన్ కాదు, గడియారం పెట్టుకుని రాసే సాధన. క్లాస్ టీచర్ గారితో మాట్లాడాం, ఆవిడ కూడా ఒక్క గీతతో కొట్టేసి ముందుకెళ్లమని ధైర్యం చెప్పారు. ఖో-ఖో కొనసాగుతోంది.

మా వృత్తిలోని మరో రెండు అలవాట్లు కూడా ఇంటికి పనికొస్తాయి. పాస్‌వర్డ్‌లు, కార్డు నంబర్ల వంటివి లాగ్‌లో రాయనివ్వం. పిల్లల మార్కులూ అలాంటివే, బంధువుల వాట్సాప్ గ్రూపులో అవసరం లేదు. రెండోది, ప్రతి లాగ్‌కూ ఒక గడువు పెడతాం. అది దాటితే డేటాబేసే చెరిపేస్తుంది. "నువ్వు ఐదో తరగతిలోనూ ఇంతే" అనే మాటకు కూడా అలాంటి గడువు ఉండాలి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు చూశాక, జవాబు పత్రాలు కూడా ఒకసారి అడిగి చూడండి. మీ బాబునో పాపనో పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూడు నిలువు వరుసలు గీయండి. గంట కన్నా ఎక్కువ పట్టదు.

— ఎనిమిదో తరగతి విద్యార్థిని తండ్రి