పాత డిస్కు పోయినా పోని చిరునామా

ల్యాప్‌టాప్ డిస్కు మార్చే ముందు పాత బూట్ ఎంట్రీలు తీసేయడమే మంచిదంటాను. అవి ఉండేది డిస్కులో కాదు, మదర్‌బోర్డు మీది ఎన్‌వీరామ్ అనే మెమరీలో. ఒక్కో ఎంట్రీ ఫలానా పార్టిషన్ గుర్తింపు సంఖ్యను పట్టుకుని ఉంటుంది; కొత్తగా సిస్టమ్ ఎక్కించిన డిస్కులో ఆ సంఖ్య వేరు. పనిచేయనిదాన్ని ఫర్మ్‌వేర్ దాటేసి తర్వాతిదానికి పోతుంది కదా అనవచ్చు. చాలావాటిలో నిజమే. కానీ మెనూలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే, అసలే సిస్టమ్ లేవని వేళ ఏది పనికొచ్చేదో తేల్చుకోవడం అదనపు భారం. సెక్టారు సెక్టారుగా క్లోన్ చేసిన డిస్కు సంగతి వేరు: సంఖ్య కూడా నకలవుతుంది గనక పాత ఎంట్రీని ముట్టుకోకూడదు.

తీసేటప్పుడు మాత్రం ఎంట్రీ నంబరు చూసి ఒక్కొక్కటే తీయాలి. లినక్స్‌లో ఈ ఎంట్రీలు కనిపించే ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ ఫోల్డరును మొత్తంగా తుడిచేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఇక ఆన్ కావని 2016లో బయటపడింది. ఆ తర్వాతే కెర్నెల్ ఆ వేరియబుల్స్‌లో చాలావాటికి రక్షణ పెట్టింది.