మూడు కొండల నీడన మా బడి

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు రామకృష్ణా బీచి చూస్తారు, కైలాసగిరి ఎక్కుతారు, వీలుంటే సింహాచలం వెళ్ళి అప్పన్నను దర్శించుకుని వస్తారు. పాతపట్నం వైపు వెళ్ళేవాళ్ళు తక్కువ. ఈమధ్య మనుమరాలిని కాలేజీలో చేర్పించటానికి వెళ్ళినప్పుడు, “నా బడి చూద్దువుగాని, రావే” అని దాన్ని అటు లాక్కుపోయాను.

హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మరియమ్మ చర్చి. చర్చి ఉన్నది రాస్ కొండ. రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లే తరువాత చర్చి అయింది. ఎదురుగా నీళ్ళకు ఆవల డాల్ఫిన్స్ నోస్. 1933లో రేవు తెరిచిన తరువాత వచ్చే పోయే ఓడలు ఈ కొండల ఎదుటనుంచి సాగుతున్నాయి.

ఈ ప్రాంతానికి కన్నెస్త్రీలు రావటం చాలా పాతమాట. ఆల్ప్స్ పర్వతాల దగ్గరి అన్నెసీ అనే ఊరినుంచి కొందరు 1849లోనే యానాం చేరి, తరువాత ఈ తీరమంతా బడులు పెట్టారు. అప్పటికి అన్నెసీ ఇంకా ఫ్రాన్సులో లేదు. సవాయ్ సీమ 1860లో గాని ఫ్రాన్సులో కలవలేదు. మా బడి మాత్రం ఏదో చెప్పను. ఇంటిగుట్టు కొంత బయట పెట్టబోతున్నాను మరి!

1957లో నన్ను ఫస్టు ఫారంలో చేర్చారు. మాది బొబ్బిలి దగ్గర పల్లె. నాన్నగారిది కరణీకం. ఊళ్ళో అయిదో తరగతితో చదువు సరి. “ఆడపిల్లను కిరస్తానీ బళ్ళో వేస్తావుట్రా?” అని మామ్మ రెండు రోజులు అన్నం మానేసింది. నాన్నగారు వాదించలేదు. “అక్కడ గోడలు ఎత్తుగా ఉంటాయమ్మా” అన్నారు. ఆ ఒక్కమాటతో మామ్మ మెత్తబడి, ఊరగాయ జాడీ సర్దింది. మాబోటి ఇళ్ళలో చాలామంది ఆడపిల్లలు హైస్కూలు గడప తొక్కింది ఆ గోడల ధర్మమా అనే!

వాల్తేరు స్టేషనులో దిగి జట్కాలో వెళ్ళాం. గేటు మూసిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తెల్లవారుజామున అయిదున్నరకు గంట. రెండు జడలు, రిబ్బన్లు, మడత నలగని పావడా. వరసలో నడవాలి, భోజనాల దగ్గర మాట్లాడకూడదు. క్రైస్తవుల పిల్లలు సత్యోపదేశానికి వెళితే మేము నీతిబోధ క్లాసుకు వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం పన్నెండింటికి ప్రార్థన గంట కొడితే ఎక్కడివాళ్ళు అక్కడ నిలిచిపోవాలి. టెన్నికాయిట్ ఆడుతూ రింగు చేత పట్టుకుని శిలావిగ్రహాల్లా నిలబడేవాళ్ళం. అప్పట్లో పూజ లాటిన్ భాషలోనే. 1962 నుంచి 1965 దాకా రోములో జరిగిన మహాసభ తరువాతనే తెలుగులోకి వచ్చింది. అర్థం కాకపోయినా నాకు వింత అనిపించేది కాదు. మా ఇంట్లో శ్రాద్ధమంత్రాలు మాత్రం నాకు అర్థమయ్యాయి గనుకనా?

డిసెంబరు 8న రాస్ కొండ పండుగకు మమ్మల్ని కొండ ఎక్కించేవారు. కొవ్వొత్తులు పట్టుకుని, బొట్టు పెట్టుకున్నవాళ్ళు ఎందరో మెట్లమీద కనిపించేవారు.

పగలు ఎలాగో గడిచేది. రాత్రిళ్ళే కష్టం. నేను చేరిన ఏడే డాల్ఫిన్స్ నోస్ మీద దీపస్తంభం కట్టారు. దాని వెలుగు మా పడకగది కిటికీ మీదుగా వచ్చి పోతుండేది. దాన్ని లెక్కపెడుతూ, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

శనివారం ఇళ్ళకు ఉత్తరాలు రాయాలి. అంటించకుండా బోర్డింగు సిస్టరుకు ఇవ్వాలి. ఆవిడ చదివాకనే పోస్టు. ఆ రోజుల్లో కాన్వెంటు బోర్డింగుల్లో మామూలు పద్ధతే అది. మా సిస్టరు తెల్లావిడ. తెలుగు ఆవిడకేం వస్తుందిలే అనుకుని నేను ధైర్యంగా రాశాను: “అన్నం సయించటం లేదు. ఇక్కడ ఉంటే చచ్చిపోతాను. వెంటనే వచ్చి తీసుకుపొండి.”

మర్నాడు పిలుపు వచ్చింది. నా ఉత్తరం ఆవిడ బల్లమీద ఉంది, ఎర్రసిరాతో.

“నీ ఉత్తరమును నేను ఆపను,” అంది ఆవిడ పుస్తకాల తెలుగులో. “కాని తండ్రికి తప్పులతో వ్రాయరాదు. ‘భోజనము’లో భకు వత్తు ఏది? ‘ప్రార్థన’లో థకు చుక్క ఏది? శుభ్రముగా మరల వ్రాసి తెమ్ము.”

నాలుగుసార్లు తిరగరాయించింది. మొదటిసారి కన్నీళ్ళతో రాశాను, రెండోసారి కోపంతో. నాలుగోసారికి ‘చచ్చిపోతాను’ అన్నమాట నాకే ఎబ్బెట్టుగా తోచింది. తీసేశాను. తీసుకుపొండి అన్నదీ తీసేశాను. ‘మామ్మ ఊరగాయ అయిపోయింది, మళ్ళీ పంపగలరు’ అని ముగించాను. ఆవిడ చదివి, ఏమీ అనకుండా కవరు అంటించింది.

ఎస్సెల్సీ చదివే ఏడు, పుష్యమాసంలో నాన్నగారి కార్డు వచ్చింది. మాఘంలో ముహూర్తం పెట్టారు, వచ్చి తీసుకువెళతాం అని. పరీక్షలు మార్చిలో. నాన్నగారి ఎదుట నోరు విప్పే అలవాటు లేదు. ఆ రాత్రే ఉత్తరం రాశాను: “పరీక్షలు అయ్యేదాకా ఇక్కడే ఉండనివ్వండి. ఆ పైన మీ చిత్తం.” అది పోస్టు కాకముందే నాన్నగారు వచ్చేశారు.

సిస్టరు ఆయన ఎదుట రెండు కాగితాలు పెట్టింది. ఒకటి నా కొత్త ఉత్తరం. రెండోది ఎర్రసిరా గీతలతో ఉన్న ఆ పాత ఉత్తరం. ఆరేళ్ళు దాచింది!

నాన్నగారు రెండూ చదివారు. “ఇది నాకు అందలేదే అమ్మగారూ?” అన్నారు పాతది చూపిస్తూ.

“తప్పులు దిద్దుకొమ్మంటిని. దిద్దుకొనుచు ఆ మాట తానే తీసివేసినది. ఈ రెండవదానిలో నాకు దిద్దుటకు ఏమియు లేదు. మీరు చూడండి.”

కరణంగారు గదా, నాన్నగారు నిజంగానే తప్పులకోసం మళ్ళీ చదివారు. చివరికి కళ్ళజోడు తీసి, “వైశాఖంలో కూడా ముహూర్తాలు ఉన్నాయి లెండి,” అన్నారు.

వైశాఖంలోనే నా పెళ్ళయింది. ఆ ఎస్సెల్సీ సర్టిఫికెట్టుతోనే తరువాత ట్రెయినింగు అయి, ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా పనిచేశాను. మావారు మంచాన పడ్డ రెండేళ్ళూ ఇల్లు నడిచింది ఆ జీతంతోనే.

గేటు దగ్గర నిలబడి ఇదంతా మనుమరాలికి చెపుతుంటే పన్నెండు గంటలు కొట్టారు. నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. అదీ నాతోపాటు నిలబడింది.

బడి వదిలేరోజున సిస్టరు నాకిచ్చేసిన పాత ఉత్తరం పర్సులో తెచ్చుకున్నాను. తీసి దాని చేతికిచ్చాను. ఇంగ్లీషు మీడియం పిల్ల. కూడబలుక్కుంటూ చదివి, ఎర్రసిరా దగ్గర ఆగింది.

“బోజనం... ఇందులో తప్పేముంది, అమ్మమ్మా?”