ఎవరి ఎముకలు?

లండన్‌లో రైలెక్కితే నార్విచ్ రెండు గంటల ప్రయాణం. "ఆ ఊళ్లో చూడ్డానికేముంది, అన్నయ్యా?" అంటూనే మా తమ్ముడు వెంట వచ్చాడు. నేను చూడబోయింది ఊరిని కాదు, 1682లో అక్కడ పోయిన సర్ థామస్ బ్రౌన్ అనే వైద్యుణ్ణి. బి.ఏ.లో మా ఇంగ్లీషు మాస్టారు ఆయన వచనం చదువుతుంటే, సగం అర్థం కాకపోయినా గుండె ఝల్లుమనేది.

ఆ ప్రాంతంలోనే ఓల్డ్ వాల్సింగ్‌హామ్‌లో ఒక పొలంలో, గజం లోతైనా లేని ఇసుక నేలలో, నలభై యాభై మట్టికుండలు బయటపడ్డాయి. లోపల కాలిన ఎముకలు, చిన్న చిన్న దువ్వెనలు, ఇత్తడి పట్టకార్లు. వాటిమీద బ్రౌన్‌గారు 1658లో 'హైడ్రియోటాఫియా' అనే పుస్తకం వేశారు. కుండల్లో ఒక్క నాణెం లేదు, ఒక్క అక్షరం లేదు. అయినా అవి రోమనులవి, కాకుంటే రోమను మర్యాదలు నేర్చిన బ్రిటనులవి అని ఆయన ఊహ. బ్రిటన్ ఒకప్పుడు రోము ఏలుబడిలో ఉన్న దేశం. దగ్గర్లో రోమను కోట కూడా ఉండేది మరి! శాక్సనులూ శవాలను కాల్చేవారని ఆయనకు తెలుసు. తెలిసీ మొగ్గు రోము వైపే.

చిత్రమేమంటే, అవి శాక్సనుల కుండలేనని తరవాతివారు గుర్తుపట్టారు. రోమనులు వెళ్లిపోయాక వచ్చి, ఇంగ్లీషు భాషకు విత్తు నాటినవారు! సొంత తాత ఎముకలు ఎదురుగా పెట్టుకుని, పాత ప్రభువులవి అనుకున్నారన్నమాట మహానుభావుడు.

నవ్వబోయి ఆగిపోయాను. మా ఊరి చెరువు తూము చూపించి మా తాతగారు, "ఇంత గట్టి పని దొరలకు తప్ప ఎవరికి చేతనవునురా!" అనేవారు. ఆ రాతిమీద ఉన్నది కాకతీయుల నాటి తెలుగు అని ఎమ్.ఏ. చదివేదాకా నాకూ తెలియదు. చెబుదామంటే అప్పటికి తాతగారు లేరు.

సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చిలో బ్రౌన్‌గారి సమాధి చూశాం. సమాధుల్లోంచి ఎముకలు పెకలించే దుర్గతిని తలుచుకుని పుస్తకంలో బాధపడ్డ మనిషి. 1840లో, పక్కన వేరే గొయ్యి తవ్వుతూ ఆయన శవపేటికనే పగలగొట్టారు! పుర్రె చేతులు మారి ఆసుపత్రి మ్యూజియానికి చేరింది. 1922లో మళ్లీ పూడ్చినప్పుడు చర్చి రిజిస్టరులో వయస్సు 317 ఏళ్లని రాశారట.

చర్చికి దగ్గర్లోనే ఆయన విగ్రహం ఉంది. చేతిలో కుండపెంకు పట్టుకుని తదేకంగా చూస్తున్నారు.

"అంత పరీక్షగా ఏం చూస్తున్నాడు, అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

కథంతా చెప్పేసరికి సాయంత్రం రైలు కాస్తా వెళ్లిపోయింది.