కీలు ఖరీదు

హ్యూస్టన్

ఒరేయ్ నర్సింగూ,

చేత్తో చేయించిన మడతచాకుకి అంత డబ్బు పోస్తారట్రా అంటూ నువ్వు పంపిన తిట్లన్నీ అందాయి. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డుపడతావు, అందుకే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, కూరగాయల దగ్గర ఇది శుద్ధ దండగ. బ్లేడు వెన్ను దగ్గర దాదాపు 5 మిల్లీమీటర్ల మందం. ఆపిల్‌లో దింపితే కోయదు, చీలుస్తుంది. ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన కొయ్యపిడి మడత చాకు ఇక్కడ హోటల్లో ఒక పూట భోజనం ఖరీదుకి దొరుకుతుంది. టమాటా ముక్కలు కోయడంలో నా కత్తి దాని కాలిగోటికి సరిపోదు. జేబులో ఉంటే ప్యాంటు ఒకపక్కకి వాలుతుంది కూడా.

నేను డబ్బు పెట్టింది కోతకి కాదురా, కీలుకి.

బాలానగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో మనకి ఆకురాయి చేతికిచ్చి, ఇనపముక్కని గాడిలో దూర్చమని, వెలుతురుకి ఎదురుగా పట్టి చూసేవారు గుర్తుందా? సందులోంచి వెలుగు కనబడితే మార్కులు పోయినట్టే. ఈ కత్తి మొత్తం ఆ పరీక్షే. నిజంగా గట్టి కత్తి కావాలంటే మడతలేనిదే కొనుక్కోవాలి. కొసనుంచి పిడి చివరిదాకా ఒకే ఉక్కు ముక్క ఉంటే వదులయ్యేందుకు ఏముంది? మడతకత్తి అంటేనే నడుము విరిగిన కత్తి. విరగనట్టు దాన్ని నిలబెట్టడంలోనే పనివాడి గొప్పంతా.

1980ల మొదట్లో మైకేల్ వాకర్ అనే అమెరికా పనివాడు, పిడి లోపలి పలుచని రేకుని స్ప్రింగులా వంచి, తెరిచిన బ్లేడు వెనక్కి ఆనేట్టు లాకు కుదిర్చాడు. దక్షిణాఫ్రికానుంచి వచ్చి ఐడహోలోని బోయిసీలో స్థిరపడ్డ క్రిస్ రీవ్ ఆ రేకు కూడా వద్దన్నాడు. పిడికున్న టైటానియం పలకలోనే పొడుగ్గా గాడి కోసి, ఆ పట్టీనే లాకు చేశాడు. ఇప్పటి బరువు కత్తులు చాలావరకు ఈ దారిలోవే. నాదీ అంతే.

నీకు నచ్చేది ఇక్కడుంది. పట్టీ వచ్చి ఆనే చోట బ్లేడు మడమని ఏడెనిమిది డిగ్రీల వాలుతో గ్రైండు చేస్తారు. వాలు ఎక్కువైతే నొక్కినప్పుడు పట్టీ జారిపోతుంది, వేళ్లు పోతాయి. తక్కువైతే బిగుసుకుపోయి, ముయ్యాలంటే బొటనవేలు పుండవుతుంది. పైగా టైటానియం ఉక్కుకి రుద్దుకుంటే అంటుకునే రకం. అందుకని నా కత్తి చేసిన పనివాడు పట్టీ కొసకి గట్టిపరిచిన చిన్న ఉక్కుముక్క స్క్రూతో బిగించాడు. అరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. కొత్తలో పట్టీ మడమలో మూడోవంతు దాకానే వస్తుంది, మిగిలిన చోటు అరుగుదలకి. కీలు దగ్గర బాల్ బేరింగులు పెట్టలేదు, ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లే. బేరింగులుంటే చిటికేస్తే తెరుచుకునేదే కానీ, ఇసుక పడితే వాటి పని అయిపోతుంది. బరువు పనికి వాషరే సరైనదని నేనూ ఒప్పుకుంటాను.

చేత్తో చేసిందంటావేమిటి, మిల్లింగ్ మెషిను లేదా అంటావు. ఉంది, సర్ఫేస్ గ్రైండరూ ఉంది. బ్లేడు వాలు మాత్రం జిగ్గు లేకుండా, 72 అంగుళాల బెల్టు గ్రైండరు మీద చేత్తో పట్టి తీస్తాడు. రెండు పక్కల గీతలూ మడమ దగ్గర ఎదురెదురుగా కలుస్తాయి. నేను చేస్తే కలవవు, నువ్వు చేసినా కలవవు.

ఉక్కు ఎస్35విఎన్. కరిగిన లోహాన్ని గ్యాసుతో పొడిగా చిమ్మి, ఆ పొడిని వేడిలో, ఒత్తిడిలో ముద్దచేసి తీసే రకం. కరిగించి పోతపోస్తే కార్బైడ్లు పెద్ద గడ్డలు కడతాయి, ఇలా చేస్తే సన్నగా సమంగా ఉండిపోతాయి. ఉక్కుని గట్టిపరచడానికి నూనెలో ముంచరు, రెండు అల్యూమినియం దిమ్మల మధ్య నొక్కి చల్లారుస్తారు. ఈ ఉక్కుని తయారుచేసిన క్రూసిబుల్ కంపెనీ 2024 చివర్లో దివాలా తీసింది. అదో బాధ.

పిడికి డమాస్కస్ రేకు వేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువభాగం రెండు రకాల ఉక్కుని పొరలుగా పేర్చి, సుత్తితో అతికి, ఆసిడ్‌లో ముంచి చారలు తేల్చింది. మీ నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కుకి ఆ చారలు లోపలినుంచే పుట్టేవి, నిదానంగా చల్లారేటప్పుడు. పారశీకపు వర్తకులు దానికోసమే అంతదూరం వచ్చేవారు. ఆయనకి ఈ కథ చెబితే ఊరి పేరు కాగితం మీద రాసుకున్నాడు. స్పెల్లింగు రెండుసార్లు అడిగాడు.

టెక్సాస్‌లో జేబులో పెట్టుకున్నా ఇబ్బంది లేదు. జనవరిలో వచ్చేటప్పుడు చెకిన్ పెట్టెలో వేసుకొస్తాను. మొత్తం విప్పి చూద్దాం. వాషర్ల మందం నువ్వే కొలువు, నీ మైక్రోమీటరు మీదే నాకు నమ్మకం. నక్షత్రం తల స్క్రూలవి, ఆ బిట్ల సెట్టు నీ దగ్గర ఉందో లేదో రాయి, లేకపోతే నేనే తెస్తా. సాన పెట్టబోకు. ఇందులోని వెనేడియం కార్బైడ్లు మామూలు సానరాయి కంటే గట్టివి, వజ్రపుపొడి పలకే కావాలి. అదీ తెస్తాను.

చెల్లెమ్మకి ధర చెప్పకు.

నీ
సత్యం