బొటనవేలికి ముప్పై శాతం

కుడిచేతి బొటనవేలు పోతే చట్టం లెక్కలో మనిషి సంపాదించే శక్తి 30 శాతం పోయినట్టు. ఎడమచేతిదైనా అంతే. 1923 నాటి పరిహార చట్టంలోనూ, 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనూ షెడ్యూలు తీసి చూస్తే ఇదే అంకె కనిపిస్తుంది. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50, రెండు చేతులూ పోతే 100. దర్జీ బొటనవేలికీ వాచ్‌మన్ బొటనవేలికీ తేడా లేదు. పరిహారం పంచాలంటే ఏదో ఒక అంకె ఉండాలి కనుక దాన్ని తప్పుపట్టను. డబ్బు లెక్క కోసం పుట్టిన ఆ అంకెనే పట్టుకుని, ఈ మనిషికి మళ్లీ ఏ పని నేర్పాలో తేల్చబోతేనే చిక్కు.

హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో పవర్ ప్రెస్ మీద పనిచేసిన ఒకాయన అన్నోజిగూడలోని మా క్లినిక్‌కి షుగర్ మందుల కోసం వస్తాడు. నలభై దాటలేదు. కుడి బొటనవేలు మొదలంటా పోయింది. గాయం ఎప్పుడో మానింది, ఈఎస్ఐ నుంచి నెలనెలా ఎంతో కొంత వస్తోంది. పని మాత్రం లేదు. ఎవరో కుట్టుమిషన్ నేర్చుకోమన్నారట, నేర్చుకోనా సార్ అని అడిగాడు. టేబుల్ మీద ఒక రూపాయి బిళ్ల, క్లినిక్ తాళంచెవి, పిన్నీసు, మూత బిగించిన నీళ్ల సీసా పెట్టి కుడిచేత్తో తీయమన్నాను. రూపాయి బిళ్లను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ బీడీ పట్టినట్టు ఇరికించి లేపాడు. తాళంచెవి పట్టుకోగలిగాడు గానీ తిప్పలేకపోయాడు. పిన్నీసు జారిపోయింది. సీసాను చంకలో బిగించి ఎడమచేత్తో మూత తీశాడు, అదీ నన్ను అడక్కుండానే.

ఐదు నిమిషాల పని. అందులోనే చాలా సంగతులు తెలుస్తాయి. కత్తెర పట్టడం, సూదిలో దారం ఎక్కించడం, స్క్రూ బిగించడం బొటనవేలు లేకుండా కుదరవు. మోయడానికి, నెట్టడానికి, సరుకు చూసి మంచిదీ చెడ్డదీ వేరుచేయడానికి అది అక్కర్లేదు. పైగా ఈయన ఎడమచెయ్యి అప్పటికే సగం పని నేర్చేసుకుంది. అలాంటి మనిషిని కుట్టుమిషన్ ముందు కూర్చోబెడితే మూడు నెలల తర్వాత తను పనికిరానివాణ్ణన్న నమ్మకం తప్ప ఇంకేమీ మిగలదు.

పని చేస్తూ గాయపడిన కార్మికుడికి వృత్తి శిక్షణ ఇప్పించే ఏర్పాటు ఈఎస్ఐలోనే ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు, వయసు 45 దాటకూడదు. ఈయనకు వయసు సరిపోయింది, శాతమే చాల్లేదు. చేతి శస్త్రచికిత్స నిపుణులు మొత్తం చేతి పనిలో బొటనవేలి వాటా దాదాపు 40 శాతమని చెబుతుంటారు. వాళ్ల లెక్క వేరు, షెడ్యూలు లెక్క వేరు. ఈయన ఆ రెండింటి మధ్యలో పడ్డాడు.

విద్యానగర్‌లో ఒక కేంద్రం ఉంది. వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రమని 1968లో మొదలైంది. దేశంలో ఇలాంటివి మొట్టమొదట రెండే పెట్టారు, ఒకటి బొంబాయిలో, రెండోది మన హైదరాబాద్‌లో. ఇప్పుడు పేరు మార్చి నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ అంటున్నారు. మనిషిలో మిగిలిన శక్తి ఎంతో చూసి, దానికి తగ్గ పని నేర్పడం దాని ఉద్దేశం. యాభై ఏళ్ల పైచిలుకు పాత ఆలోచన, ఇప్పటికీ దాన్ని మించినది నాకు కనపడలేదు. ఊరూరా అది పాకకపోవడమే విచారం. చాలాచోట్ల శిక్షణ అంటే నేటికీ ఊదుబత్తీలు, కొవ్వొత్తులు, చాక్‌పీసులే. బడుల్లో వైట్‌బోర్డులు వచ్చి ఎన్నాళ్లయింది? ఆ చాక్‌పీసులు ఎవరు కొంటారో ఎవరూ అడగరు. ఇటు నాచారం, మల్లాపూర్, చర్లపల్లి యూనిట్లలో ప్యాకింగుకీ, లేబుల్ చూడటానికీ, స్టోర్‌లో సరుకు ఎక్కించుకోవడానికీ మనుషులు కావాలి. అటు పోచారంలో ఇన్ఫోసిస్ పెద్ద క్యాంపస్ ఉంది. నేర్పే పని ఈ చుట్టుపక్కల దొరికే పని కావాలి కదా.

బొటనవేలు పోయిన ఆయనకు చివరికి మల్లాపూర్‌లో స్టోర్ పని దొరికింది. శిక్షణ వల్ల కాదు, బావమరిది వల్ల. బార్‌కోడ్ మిషన్ ఎడమచేత్తో పట్టుకుంటాడు. రెండు వారాల్లో వచ్చేసిందట.

పోచారం వైపు అపార్ట్‌మెంట్ కడుతుండగా పైనుంచి పడ్డ సెంట్రింగ్ కుర్రాడిది ఇంకో రకం కష్టం. వెన్నుపూస విరిగి నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. చేతులు ఉక్కుముక్కలు. సర్టిఫికెట్‌లో శాతం ఎక్కువే కాబట్టి ఏ పథకానికీ అడ్డు లేదు. కంప్యూటర్ శిక్షణలో చేరాడు. మొదటి వారం ఫోన్ చేసి, టైపింగ్ వేగం ఎంతొచ్చిందో చెప్పాడు. నెల తిరక్కముందే చలిజ్వరంతో వాళ్లమ్మ ఆటోలో తీసుకొచ్చింది.

బల్ల మీద పక్కకు తిప్పి చూస్తే ఎడమ పిరుదు ఎముక కింద చర్మం నల్లబడి, మధ్యలో గుంట పడింది. కూర్చున్నప్పుడు మనందరం తెలియకుండానే అటూఇటూ కదులుతుంటాం. ఒత్తిడి పడ్డచోట నొప్పి మొదలవగానే ఒళ్లే కదిలిస్తుంది. స్పర్శ లేనివాడికి ఆ కబురు అందదు. ప్రతి పావుగంటకో ఇరవై నిమిషాలకో చేతులు కుర్చీ మీద ఆనించి ఒళ్లంతా పైకి లేపి, కాసేపు అలాగే ఉంచాలి. ఆసుపత్రిలో నేర్పారు, వాడికి తెలుసు. క్లాసులో అందరి ముందూ అలా లేవడం సిగ్గనిపించి మానేశాడు.

రెండోది మూత్రం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి గొట్టం పెట్టి తనే తీసుకోవాలి. అక్కడి బాత్రూం తలుపులోంచి వీల్‌చైర్ దూరదు. కుర్చీకి రెండడుగుల పైన వెడల్పు ఉంటుంది, చక్రం తిప్పే చేతులకు చోటు కావాలంటే తలుపు మూడడుగులుండాలి. వాడు కనుక్కున్న ఉపాయం పొద్దుట్నుంచీ నీళ్లు తాగకపోవడం. నీళ్లు తాగక, మూత్రం నిలవుండి, ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరం పట్టింది. జ్వరం మందులతో వారంలో దిగింది. పుండు మానడానికి నెలలు పట్టింది, అన్నాళ్లూ బోర్లా పడుకునే ఉన్నాడు. బ్యాచ్ వెళ్లిపోయింది. మధ్యలో మానేసినవాళ్ల జాబితాలో వాడి పేరు చేరి ఉంటుంది. ఆసక్తి లేక మానేశాడని కూడా రాసి ఉంటారు.

అప్పట్నుంచి శిక్షణకు వెళ్లేవాళ్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తోపాటు ఒక కాగితం రాసిస్తున్నాను, తెలుగులోనే. ఎంతసేపు కూర్చోగలడు, ఎప్పుడు లేవాలి, ఏ చెయ్యి ఎంత పట్టగలదు, బాత్రూం తలుపు ఎంత ఉండాలి. రోగం పేరు చివర్న ఒక్క వాక్యం. నేర్పేవాళ్లకు రోగం పేరుతో పనిలేదు. ఒకచోట ఆ కాగితం చూసి తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించారు. ఒకచోట ఇన్ని షరతులైతే మా వల్ల కాదన్నారు. రెండో జవాబూ మంచిదే, పుండు పడకముందే తెలిసింది.

శిక్షణ అంతా వృథా అనేవాళ్లతో నేను కలవను. పుట్టుచెవుడున్న ఒకమ్మాయి ఇరవై దాటేవరకు ఇంట్లోనే ఉంది. సైగల భాష ఎవరూ నేర్పలేదు. గొంతునొప్పితో వస్తే జవాబులన్నీ వాళ్లమ్మే చెప్పేది. షాపింగ్ మాల్ ఉద్యోగాల కోసం నేర్పే ఒకచోట చేరాక మొదట నేర్చుకున్నది బిల్లింగ్ కాదు, సైగలు. మరుసటిసారి తల్లిని పక్కకు జరగమని, నొప్పి ఎక్కడో తనే చూపించింది. 2012లో మీరా షెణాయ్ హైదరాబాద్‌లో మొదలుపెట్టిన యూత్ ఫర్ జాబ్స్ లాంటి సంస్థలు ఇలాంటి పిల్లలను దుకాణాల దాకా, ఆఫీసుల దాకా నడిపించాయి. ఉద్యోగం ఆరు నెలలే నిలిచినా ఆ భాష వెనక్కి పోదు.

ఇక వికలాంగుల పింఛను. ఉమ్మడి రాష్ట్రంలో 500 ఉండేది, 2014లో తెలంగాణ వచ్చాక 1,500 అయింది, 2019లో 3,016, 2023లో 4,016. సెంట్రింగ్ కుర్రాడి తల్లి ప్రతిసారీ అడిగే ప్రశ్న ఇదే. “నౌకరి వస్తే పింఛిని బంద్ జేస్తరా సార్? మూడ్నెల్లకు ఆ నౌకరి పోతే మళ్ల పింఛిని ఎవలిస్తరు?” జనం సోమరులైపోతున్నారని ఈ మాటకు విసుక్కునే అధికారులను చూశాను. ఆమె లెక్కలో తప్పేముంది? అన్నోజిగూడ నుంచి ఉప్పల్‌కు వీల్‌చైర్‌తో రోజూ ఆటో కట్టుకుని, ఫ్లైఓవర్ కింద గుంతలు దాటుకుంటూ పోయి తెచ్చే జీతంలో ఎంత మిగులుతుంది? 2018లో మొదలైన ఉప్పల్, నారపల్లి ఫ్లైఓవర్ పనుల మధ్య ఆ దారి కాళ్లున్నవాళ్లకే ఏళ్లతరబడి పరీక్షగా ఉంది. పింఛను తక్కువే, కానీ నెలనెలా వస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది రెండేళ్లు పింఛనుకు ఢోకా లేదని, పని పోతే మళ్లీ దరఖాస్తు అక్కర్లేదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పగలిగితే ఎన్ని శిక్షణ కేంద్రాలు నిండుతాయో.

ఆ కుర్రాడిప్పుడు మళ్లీ శిక్షణలో చేరాడు, వేరేచోట. జేబులో ఫోన్ ఇరవై నిమిషాలకోసారి అదురుతుంది, కుర్చీ మీద లేస్తాడు. సిగ్గు పోయిందా అంటే నవ్వాడు. డేటా ఎంట్రీ పనికి ఉప్పల్‌లో ఇంటర్వ్యూ ఉందట, ఆఫీసు రెండో అంతస్తు. లిఫ్టు ఉందో లేదో, ఉంటే దాని తలుపు ఎంత వెడల్పో ముందే ఫోన్ చేసి కనుక్కోమన్నాను. తల్లి మాత్రం పింఛను సంగతి అక్కడ ఎత్తొద్దని వాడికి నా ముందే గట్టిగా చెప్పింది.