డ్రైవరు నిద్రపోయినాడా?

మా ఇంట్లో రెండు భాషలు. వంటింట్లో అమ్మ తమిళం, తిన్నె మీద అవ్వ తెలుగు. నాయన ఎక్కడ కూర్చుంటే అక్కడి భాష. ఊరు ఆలంగాయం. కావలూరు టెలిస్కోపు చూడ్డానికి పోయేవాళ్ళు మా బస్టాండు మీదుగానే పోతారు, మీలో కొందరికి మా ఊరి పేరు తెలిసింది అందువల్లే. బడిలో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు అవ్వ పక్కన కూర్చుని క్యాలెండరు చూసి నేర్చుకున్నవి. అందుకని దీంట్లో తప్పులుంటే మేడమ్ కంటపడనివి అనుకోండి.

ఈ ఏడు మాకు ఇంటి పెద్దల దగ్గర సేద్యం మాటలు సేకరించి రాసుకు రమ్మన్నారు. సరిగ్గా ఆ సమయంలోనే చవితికి కుప్పం అవ్వ వచ్చింది. మా అవ్వకు సొంత అక్క. జోలార్‌పేటలో రైలెక్కితే కుప్పం ఎంతో దూరం కాదు, అయినా వాళ్ళిద్దరూ కలిసేది ఏడాదికి ఒకసారో రెండుసార్లో. కలిస్తే మాత్రం మూడో మనిషికి సందు ఇవ్వరు.

ఫోనులో రికార్డు చేయొచ్చు కదా అంటారు. ఫోను చూస్తే అవ్వ గొంతు మారుస్తుంది. అవతల ఎవరో దూరదేశంలో ఉన్నట్టు అరిచి మాట్లాడుతుంది. అందుకని అక్క పాత లాప్‌టాప్ తీసి తిన్నె మీద పెట్టాను. అది ప్రభుత్వం ఇచ్చిన ఉచిత లాప్‌టాప్. 2011 సెప్టెంబరులో మొదలైన ఆ పథకం మీ ఇళ్ళకూ వచ్చే ఉంటుంది. మొదట్లో వాటిలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. బాస్ అంటే మన చెన్నై సీడాక్ వాళ్ళు తయారుచేసి 2007లో విడుదల చేసినది. మా దాంట్లో ఇప్పుడు ఆ రెండూ లేవు. మామ కొడుకు అన్నీ తుడిచేసి వేరే లినక్స్ ఏదో వేశాడు. పాటలు వస్తాయి, సినిమాలు వస్తాయి, నాకు అంతే తెలుసు.

ఆ సాయంత్రం వాళ్ళు మాట్లాడింది కపిల గురించి. ఎద్దులు వాలులోకి దిగుతుంటే బావిలోంచి తోలుబాన పైకొస్తుంది, తొట్టిలో నీళ్ళు పోస్తుంది, అక్కడినుంచి కాలువలోకి. బాన కింద తోలు తొండం. బానకి కట్టింది మోకు. తొండాన్ని పట్టి ఉంచే సన్న తాడు ఇంకొకటి. ఆ సన్న తాడు పేరు దగ్గర గొడవ మొదలైంది. మా అవ్వ ఒక పేరు చెప్పింది, కుప్పం అవ్వ ఇంకొకటి చెప్పింది. "మెట్టినూరు నీళ్ళు తాగి పుట్టింటి మాట మరిచిపోయినావే" అని కుప్పం అవ్వ నవ్వింది. మా అవ్వ నిజంగానే అలిగింది. నేను నోట్సు రాయలేదు. రికార్డు అవుతోంది కదా అని వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను. 41 నిమిషాలు.

కార్తీక దీపానికి నాలుగు రోజుల ముందు కుప్పం అవ్వ పోయింది.

ఆ తరువాత రెండు వారాలకు, అసైన్‌మెంటు గడువు దగ్గర పడిందని, ఫైలు తెరిచాను. 434 ఎంబీ ఉంది. నొక్కితే కాలం నడుస్తోంది, గీత జరుగుతోంది, చప్పుడు లేదు. వాల్యూము పెంచాను. వేరే పాట పెడితే వస్తోంది. మళ్ళీ ఫైలు పెట్టాను. చివరిదాకా పెట్టాను, మధ్యలో ఎక్కడైనా ఉంటుందేమోనని. అమ్మ వంటింట్లోంచి "ఎన్నడి ఆచ్చు?" అని వచ్చేదాకా ఏడుస్తున్నానని నాకే తెలియలేదు.

మరుసటి రోజు లాప్‌టాప్ కాలేజీకి తెచ్చాను. బస్సులో నా పక్కన కూర్చునే అమ్మాయి కంప్యూటర్ సైన్సు. భోజనం డబ్బా మూత కూడా తీయకుండా తను ఒక నల్ల తెర తెరిచింది. తెర మీద పొడుగు కడ్డీలు, ఒక్కోదాని కింద రెండు అక్షరాలు. ఎమ్ ఎమ్ అని ఉంటే నోరు కట్టేసినట్టు, ఓ ఓ అని ఉంటే తెరిచినట్టు. ఎఫ్ 4 నొక్కితే రికార్డు వైపు కడ్డీలు వచ్చాయి. అక్కడ ఉంది సంగతి. లాప్‌టాప్‌కి రెండు చెవులు. ఒకటి తెర పైన లోపలే ఉండే మైకు, ఇంకొకటి పక్కన, బయటి మైకు గుచ్చుకునే చిల్లు. మాది ఆ చిల్లు మీద పెట్టి ఉంది. దాంట్లో ఏమీ గుచ్చలేదు. 41 నిమిషాలూ అది ఆ ఖాళీ చిల్లునే విన్నది.

"మరి 434 ఎంబీ ఎట్లా వచ్చింది?" అని అడిగాను. నా ఆశంతా దాని మీదే. అంత బరువుంటే లోపల ఏదో ఉండాలి కదా. తను కాగితం మీద లెక్క వేసింది. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తుంది. ప్రతి కొలతకూ 2 బైట్లు, ఎడమకొకటి కుడికొకటి. నిమిషానికి కోటి బైట్లకు పైనే. గొంతు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. సున్నాను రాయడానికి కూడా అంత చోటే పడుతుంది.

ఈ పని చేసేదాన్ని డ్రైవరు అంటారని అప్పుడే తెలిసింది. కంప్యూటరు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కి శబ్దపు చిప్పు భాష రాదు, చిప్పుకి దాని భాష రాదు. మధ్యలో డ్రైవరు. చిప్పు కొలిచిన అంకెలు మెమరీలో ఒక తొట్టిలో పడతాయి. కొంత నిండగానే చిప్పు గంట కొట్టినట్టు పిలుస్తుంది. 1,024 కొలతలకు ఒకసారి అనుకుంటే 23 మిల్లీసెకన్లకు ఒక పిలుపు. డ్రైవరు వచ్చి ఆ నిండిన భాగం రికార్డు చేసే ప్రోగ్రాముకి అప్పజెబుతుంది, ఆలోగా మిగతా భాగం నిండుతుంటుంది. తోడడం ఆలస్యమైతే తొట్టి పొర్లి మాట మధ్యలో తెగుతుంది. తను చెబుతుంటే నాకు కపిలే కనిపిస్తోంది. ఆ మాట తనతో అనలేదు, తమిళంలో కపిలని ఏమంటారో నాకు గుర్తు రాలేదు.

తరువాత లైబ్రరీలో కూర్చుని కొంత చదివాను. 1989లో సన్ కంపెనీ స్పార్క్‌స్టేషన్ అనే వర్క్‌స్టేషన్ తెచ్చింది. ఇంజనీర్ల బల్ల మీద ఉండే పెద్ద యంత్రం. దాంట్లో శబ్దానికి ఒక పరికరం ఉంది, సెకనుకు 8,000 కొలతలు, టెలిఫోను గొంతు అంత. ఆ సిస్టమ్‌లో పరికరం కూడా ఒక ఫైలులాగే కనిపిస్తుంది కాబట్టి, శబ్దపు ఫైలుని దాంట్లో పోస్తే చాలు, మాట్లాడుతుంది. లినక్స్‌కి మొదట శబ్దపు డ్రైవర్లు రాసింది ఫిన్లాండుకు చెందిన హన్ను సావొలైనెన్. చెక్ దేశపు యారొస్లావ్ కిసేలా, తన దగ్గరున్న ఒక సౌండు కార్డు కోసం రాయడం మొదలుపెట్టి, చివరికి అల్సా అనే పెద్ద వ్యవస్థే కట్టాడు. ఆ నల్ల తెర దానిదే. కొత్తగా వేసినప్పుడు అల్సా అన్ని దారులనీ మూసే ఉంచేది, తెరుచుకోవడం మన పని. ఎవరి యంత్రంలో ఏ తీగ ఎటు పోతుందో కంపెనీకొక తీరు. అందుకని డ్రైవరు లోపల ఫలానా మోడలైతే ఇట్లా, ఫలానాదైతే అట్లా అని పొడుగు జాబితాలు రాసి పెట్టుకున్నారట.

వాళ్ళ మీద నాకు కోపం లేదు. పది సెకన్లు రికార్డు చేసి ఒకసారి విని ఉంటే తెలిసిపోయేది. అది నేను చేయలేదు.

స్నేహితురాలు ఆ ఫైలులో శబ్దాన్ని ఎంత పెంచవచ్చో అంత పెంచి చూసింది. బియ్యం చెరిగినట్టు సన్నగా ఒక గరగర, అంతే. ఖాళీ చిల్లు చప్పుడు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. రికార్డు కాలేదవ్వా, దీంట్లో డ్రైవరు అని ఒకటి ఉంటుంది, అది సరిగ్గా లేదు అన్నాను.

"డ్రైవరు నిద్రపోయినాడా?"

"లేదవ్వా, మేలుకునే ఉన్నాడు. వేరే వాకిట్లో నిలబడి ఉన్నాడు."

అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తరువాత "పోనీలే పాపా, మళ్ళీ చెప్తా రాసుకో" అంది. సన్న తాడు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. తన పేరు చెప్పింది. అక్క చెప్పిన పేరు? "ఏందో అనేది. నోట్లోనే ఉండాది, బయటికి రాలా." నాకూ ఆ మాట రాలేదు. ఆ మాట అన్నప్పటి కుప్పం అవ్వ చెయ్యి గుర్తుంది, గాల్లో తాడు లాగినట్టు. మాట గుర్తు లేదు.

ఈసారి ముందు పది సెకన్లు రికార్డు చేసి విన్నాను. ఈ మధ్యలో అవ్వకు ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. 'స' అంతా గాలిగా పోతోంది. అయినా వచ్చింది. 26 నిమిషాలు. హెడ్‌ఫోను అవ్వ చెవులకి పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. ఆమె తన గొంతు ఎప్పుడూ బయటినుంచి వినలేదు కదా.

"ఇది నేనా? మా అక్క మాట్లాడినట్టు ఉండాదే" అంది. ఇంకోసారి పెట్టమంది.

434 ఎంబీ ఫైలు నేను తీసేయలేదు. లాప్‌టాప్ చోటు చాలడం లేదని రోజూ గోల పెడుతోంది, పెట్టనీ.

మీలో గుడియాత్తం, పేర్ణాంబట్టు, కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు. మీ ఇళ్ళలో కపిల తోలిన తాతలో, చూసిన అవ్వలో ఉంటే, తొండానికి కట్టే సన్న తాడుని ఏమనేవాళ్ళో అడగండి. ఈ కాగితం కింద నాలుగు వేళ్ళ ఖాళీ వదిలాను. పెన్సిలుతో రాసినా సరే.