పగడాల వీధి నుంచి ఇటలీకి

చెన్నై కాలేజీల్లో ‘ఇటలీ సంస్కృతి’ అని ప్రాజెక్టు ఇస్తే చాలు, పీసా గోపురం, మోనాలిసా, పిజ్జా వరసగా చార్టు ఎక్కేస్తాయి. మోనాలిసా బొమ్మ ఉండేది పారిస్‌లో అన్న సంగతి ఎవరికీ పట్టదు. తెలుగు విద్యార్థి అయితే ఇంకో పేరా కలుపుతాడు: నికోలో కాంటి మన భాషను ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నాడని. ఈ వెనిస్ యాత్రికుడు పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిన మాట నిజమే. కానీ ఆ మాట ఏ పుటలో ఉందని గైడు అడిగితే పేరా మాయమవుతుంది.

అంత దేశాన్ని ఇరవై పేజీల్లో కుక్కడం కంటే జార్జిటౌన్‌లో ‘కోరల్ మర్చంట్ స్ట్రీట్’కి వెళ్లి రావడం మేలు. పదిహేడో శతాబ్దం చివర మద్రాసులో స్థిరపడ్డ యూదు వర్తకుల పగడాల వ్యాపారాన్ని గుర్తుచేసే పేరది. మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం టస్కనీ రేవు లివోర్నోలో పూసలై, లండన్ మీదుగా ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఇక్కడికి చేరేది. బదులుగా ఓడెక్కినవి గోల్కొండ రాజ్యపు వజ్రాలు. ఆ వజ్రాల గనుల్లో పేరు మోసిన కొల్లూరు గని కృష్ణ ఒడ్డునే ఉండేది. లివోర్నోలో యూదులకు హక్కులిస్తూ 1593లో మెడిచీ ప్రభువు ప్రకటన చేయకపోతే, ఈ వీధికి ఈ పేరు వచ్చేదా? ప్రాజెక్టుకి పనికొచ్చే ప్రశ్నే.

అయితే వ్యాపారం చెబితే సంస్కృతి చెప్పినట్టు కాదు. ఆ పగడాన్ని ఎవరు, ఎందుకు ధరించారన్నది చూడాలి. పియెరో డెల్లా ఫ్రాంచెస్కా చిత్రం ‘సెనిగల్లియా మడోన్నా’లో బాల యేసు మెడలో ఎర్ర పగడాలుంటాయి. పసిపిల్లలకు కీడు తగలకుండా పగడం వేయడం అక్కడి ఆచారం. నేపుల్స్‌లో పగడపు కొమ్ము బిళ్ల ఇప్పటికీ దిష్టికి విరుగుడు. ఇటు తెలుగింటి మంగళసూత్రంలో నల్లపూసల పక్కన పగడాలు, కుజదోషానికి పగడపుటుంగరం. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారని తేల్చబోతే ప్రాజెక్టు దారి తప్పుతుంది. రోమన్లకు మన ముత్యాలు ఎంత ప్రియమో, మనవాళ్లకు పగడాలు అంత ప్రియమని రోమన్ రచయిత ప్లినీ ఎప్పుడో రాసిపెట్టాడు. ఆయన క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు చనిపోయాడు. ఆ కొండ కిందే ఉన్న టోర్రె డెల్ గ్రేకో పగడాల పనికి పేరుపడ్డ ఊరు. అక్కడ 1878లో పగడాలు చెక్కడం నేర్పే బడి కూడా పెట్టారు.

చదవాల్సినవన్నీ ఎగ్మోర్‌లోనే దొరుకుతాయి. కన్నెమరా లైబ్రరీలో మొదట అడగాల్సింది హెచ్.డి. లవ్ 1913లో అచ్చువేసిన మూడు సంపుటాల పాత మద్రాసు చరిత్ర. తమిళనాడు ఆర్కైవ్స్‌లో సెయింట్ జార్జి కోట రికార్డులున్నాయి. అక్కడికి వెళ్లేముందు డిపార్ట్‌మెంటు నుంచి ఉత్తరం తీసుకోవాలి. ఈ ఉత్తరాన్ని ఆఖరి వారానికి వదిలేసి మునిగేవాళ్లే ఎక్కువ.

మిగిలింది మనుషుల్ని అడగడం. కొత్వాల్ చావడి దగ్గర కన్యకాపరమేశ్వరి గుడికి వచ్చే తెలుగు పెద్దావిడల్ని పలకరిస్తే పుస్తకాల్లో లేనివి చెబుతారు. ఏ పగడం ఎవరు పెట్టారు, ఏ కాన్పుకి చేయించారు, ఏది మార్చి ఏది కొన్నారు, అన్నీ. టీనగర్ నగల షాపుల్లో ‘ఇటాలియన్ పగడం’ అన్నది ధర పెంచే పేరు. రంగు వేసిన నాసిరకం పగడం, గాజుపూస కూడా అదే పేరుతో చేతులు మారుతుంటాయి. కాబట్టి తేడా ఎలా తెలుస్తుందని అడగడమే అసలు ఇంటర్వ్యూ. దానికి అక్షయ తృతీయ వారం ఎంచుకుంటే గుమ్మంలోనే నెట్టేస్తారు. పెళ్లిళ్లు లేని మార్గళి నెలలో వెళ్తే కుర్చీ వేసి కాఫీ తెప్పిస్తారు.